క్రాష్ అయిన హోమ్ అసిస్టెంట్‌ను బ్యాకప్ నుంచి లేపడం: పాత కార్డు మీద ఏమీ రాయకండి, రీస్టోర్‌కు ముందు మోటారు ఎంసీబీ దించండి

మీరు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మారతహళ్ళిలో మీ ఇల్లు. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద, ఇంట్లోని స్విచ్‌లు, సెన్సర్లను ఆడించే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. నిన్న రాత్రి వానకు కరెంటు పోతూ వస్తూ ఉంది, ఆ తర్వాత సర్వర్ లేవలేదు. రోజూ తీసే బ్యాకప్‌లు అదే ఎస్‌డీ కార్డులో ఉన్నాయి. బయట ఉన్నది గూగుల్ డ్రైవ్‌లో మూడు వారాల నాటి కాపీ ఒక్కటే. జిగ్‌బీ అనే వైర్‌లెస్ పద్ధతిలో కలిసే పరికరాలు ముప్పై పైనే. ఊరి నుంచి అమ్మానాన్న వచ్చి ఉన్నారు, సంప్ నుంచి పై ట్యాంకుకు నీళ్ళెక్కించే మోటారు కూడా ఈ సర్వర్ చేతిలోనే ఉంది. అన్నీ మళ్ళీ మొదటి నుంచి పెయిర్ చేయాలా, కార్డు ఫార్మాట్ చేసి మొదలుపెట్టాలా అని అడిగారు.

రెండూ వద్దు. ఆ పరికరాలతో మాట్లాడే యూఎస్‌బీ జిగ్‌బీ స్టిక్ పాడవలేదంటే దాదాపు ఏదీ మళ్ళీ పెయిర్ చేయక్కర్లేదు. కార్డును మాత్రం ఫార్మాట్ చేయకండి, దాని మీద ఒక్క ఫైల్ కూడా రాయకండి. మూడు వారాల కాపీతో సరిపెట్టుకునే ముందు, నిన్నటి బ్యాకప్‌ను ఆ కార్డులోంచే తీసే అవకాశం మీకు గట్టిగా ఉంది.

అన్నిటికంటే ముందు ఇంట్లోవాళ్ళకు నీళ్ళ సంగతి చూడండి. మోటారు స్టార్టర్‌కు మాన్యువల్ స్విచ్ ఉంటే నాన్నగారికి దాన్ని చూపించి, ట్యాంకు నిండగానే ఆపమని చెప్పండి. నీళ్ళ తొందర లేకపోతే మిగతా పని నిదానంగా చేయగలుగుతారు. ఇలాంటి రికవరీల్లో డేటా పోయేది ఎక్కువగా హడావిడి వల్లే.

తర్వాత, తప్పు కార్డుదేనా అన్నది తేల్చుకోండి. పై 4 మీద ఎర్ర లైటు కరెంటుకు, పచ్చ లైటు కార్డు చదవడానికి. ఎర్ర లైటు లేకపోయినా, ఆరుతూ వెలుగుతూ ఉన్నా అడాప్టర్‌ను అనుమానించాలి. పై 4కు కావలసింది 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు. వోల్టేజీ 4.63 దగ్గరికి పడితే బోర్డు ‘అండర్ వోల్టేజ్’ అని హెచ్చరిక ఇస్తుంది. ఫోన్ ఛార్జర్ మీద 65 వాట్లని రాసి ఉన్నంత మాత్రాన చాలదు, 5 వోల్టుల దగ్గర అది ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో దాని మీదున్న చిన్న అక్షరాల్లో చూడాలి. మైక్రో హెచ్‌డీఎంఐ కేబుల్ ఉంటే టీవీకి పెట్టి చూడండి. కార్డు తీసేసి కరెంటు ఇచ్చినా పై 4 బూట్‌లోడర్ తెర మీద ఏదో ఒకటి చూపిస్తుంది. అది కనిపించిందంటే బోర్డు బతికే ఉంది, సమస్య కార్డుది. వానలో కరెంటు పదేపదే పోయిన ఇళ్ళల్లో నేను ఎక్కువగా చూసింది ఇదే. హోమ్ అసిస్టెంట్ డేటాబేస్‌ను మామూలుగా ప్రతి 5 సెకన్లకు ఒకసారి కార్డు మీద రాస్తూ ఉంటుంది కాబట్టి, కరెంటు ఎప్పుడు పోయినా ఏదో ఒక రాత మధ్యలో తెగే అవకాశం ఉంటుంది.

ఇప్పుడు కార్డు. దీన్ని విండోస్ ల్యాప్‌టాప్‌లో పెడితే ఒకేసారి నాలుగైదు డ్రైవ్ అక్షరాలు కనిపించి, ‘ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి’ అని ఒకదాని మీద ఒకటి కిటికీలు తెరుచుకుంటాయి. కార్డు పాడైందని కాదు దాని అర్థం. లోపల ఉన్నది లైనక్స్ వాడే ఎక్స్‌టీ4 విభజన, విండోస్‌కు దాన్ని చదవడం రాదు, అంతే. ప్రతి కిటికీలో క్యాన్సిల్ నొక్కండి. ఆ టెన్షన్‌లో ఓకే నొక్కి, బతికున్న బ్యాకప్‌లను చేజేతులా పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. అందుకే ఈ పనికి విండోస్‌ను వదిలేసి, ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై’ పద్ధతిలో ల్యాప్‌టాప్‌ను దాని నుంచి బూట్ చేయమంటాను. కార్డు రీడర్‌లో పెట్టే ముందు పూర్తి సైజు కార్డైనా, అడాప్టర్ అయినా పక్కనున్న చిన్న లాక్ మీటను కిందికి జరపండి. అన్ని రీడర్లూ దాన్ని పట్టించుకోవు, కానీ జరపడంలో నష్టం లేదు.

ఉబుంటులో కార్డును తెరిచి ఫైళ్ళు వెతకడం మొదలుపెట్టకండి. చావుబతుకుల్లో ఉన్న కార్డును చదివే ప్రతిసారీ ప్రమాదమే, కాబట్టి ఒక్కసారి మొత్తం చదివి ఇమేజ్‌గా, అంటే కార్డుకు అచ్చు నకలైన ఒకే ఫైల్‌గా, దాచుకోవాలి. దీనికి డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనం ఉంది. ఇది ముందు బాగున్న భాగాలను గబగబా లాగేసి, పాడైన చోట్లను చివరికి వదిలి, అప్పుడు వాటి దగ్గరకు మళ్ళీ వస్తుంది. ఎక్కడిదాకా చదివిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కార్డు వేడెక్కి ఊడిపోయినా, మళ్ళీ పెట్టి అక్కడి నుంచే కొనసాగించవచ్చు. మ్యాప్ ఫైల్ ఇవ్వకుండా నడిపితే ఈ సౌకర్యం పోతుంది, అది తప్పక ఇవ్వండి. కార్డు 64 జీబీ అయితే ఇమేజ్‌కు కూడా అంత ఖాళీ కావాలి, ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ దగ్గర పెట్టుకోండి. గంటలు పట్టినా పట్టనివ్వండి.

ఇక ఇమేజ్ చేతికొచ్చాక పని అంతా దాని మీదే, కార్డును తీసి పక్కన పెట్టేయవచ్చు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఎక్స్‌టీ4ను ‘చదవడానికి మాత్రమే’ అని మౌంట్ చేసినా (ఫైళ్ళు కనబడేలా తెరిచినా), సగంలో ఆగిన జర్నల్‌ను, అంటే రాయబోయే మార్పుల చిట్టాను, అది పూర్తి చేయబోతుంది, అంటే డిస్క్ మీద రాస్తుంది. అది జరగకుండా మౌంట్ చేసేటప్పుడు ‘ఆర్ఓ’తో పాటు ‘నోలోడ్’ ఆప్షన్ కూడా ఇవ్వాలి. ఇమేజ్‌కు ఇంకో కాపీ ఉంటే ఇంత జాగ్రత్త అక్కర్లేదు. స్థలం ఉంటే ఆ కాపీ తీసుకోవడమే తేలిక.

లోపల చాలా విభజనలు కనిపిస్తాయి. మీకు కావలసింది అన్నిటికంటే పెద్దది, పేరు ‘హాస్‌ఓఎస్ డేటా’. అందులో సూపర్‌వైజర్ అనే ఫోల్డర్, దాని లోపల బ్యాకప్ అనే ఫోల్డర్. మీ రోజువారీ బ్యాకప్‌లు టార్ ఫైళ్ళుగా (చాలా ఫైళ్ళను ఒకటిగా కట్టిన మూటలుగా) అక్కడుంటాయి. అన్నీ కాపీ చేసుకోండి. అన్నిటికంటే కొత్తదాన్నే నమ్మాలని లేదు. సైజులు పోల్చండి. రోజూ 400 ఎంబీ ఉండే ఫైల్ చివరి రోజు 30 ఎంబీయే ఉంటే అది రాస్తుండగా కరెంటు పోయిందని అర్థం, దాని ముందుదాన్ని తీసుకోండి. టార్ ఫైల్‌ను ఆర్కైవ్ మేనేజర్‌లో తెరిస్తే లోపల బ్యాకప్ వివరాల ఫైల్, హోమ్ అసిస్టెంట్‌ది ఒకటి, ఒక్కో యాడ్-ఆన్‌కు (అదనంగా వేసుకున్న ప్రోగ్రాముకు) ఒకటి చొప్పున ముక్కలు కనిపించాలి. జాబితా చివరిదాకా తప్పు చూపకుండా వస్తే చాలావరకు ఫైల్ బాగున్నట్టే.

తర్వాత వచ్చే చిక్కు తాళం. 2025 జనవరి వెర్షన్‌తో బ్యాకప్ పద్ధతి మొత్తం మారింది, ఆటోమేటిక్ బ్యాకప్‌లకు ఎన్‌క్రిప్షన్ వచ్చింది. అప్పుడు సెటప్ చేసేటప్పుడు ‘ఎమర్జెన్సీ కిట్’ అని ఒక టెక్స్ట్ ఫైల్ దించుకోమని అడిగింది గుర్తుందా? ఆ కీ లేకపోతే గూగుల్ డ్రైవ్‌లో ఉన్న కాపీ కూడా తెరుచుకోదు. ల్యాప్‌టాప్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ‘ఎమర్జెన్సీ కిట్’ అని వెతకండి, చాలామందికి అక్కడే దొరుకుతుంది. దొరక్కపోతే కంగారు పడకండి, ఇప్పుడు తీసిన ఇమేజ్‌లోనే చూడవచ్చు. సూపర్‌వైజర్ లోపల హోమ్‌అసిస్టెంట్ ఫోల్డర్, అందులో చుక్కతో మొదలయ్యే స్టోరేజ్ అనే దాగిన ఫోల్డర్, అందులో పొడిగింపు లేని ‘బ్యాకప్’ అనే చిన్న ఫైల్. టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే బ్యాకప్ సెట్టింగులతో పాటు పాస్‌వర్డ్ అన్నచోట హైఫన్లతో విడదీసిన ఆ కీ కనిపిస్తుంది. చుక్కతో మొదలయ్యేవి కనబడాలంటే ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కాలి. కీని కాగితం మీద కూడా రాసుకోండి.

అదే హోమ్‌అసిస్టెంట్ ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చేసి పెట్టుకోండి. ఒకవేళ రోజువారీ బ్యాకప్‌లన్నీ చెడిపోయి, మూడు వారాల నాటిదే గతి అయితే, ఈ మధ్య మీరు మార్చిన ఆటోమేషన్లు, స్క్రిప్టులు, సీన్లు రాసి ఉండే యామల్ అనే టెక్స్ట్ ఫైళ్ళను రీస్టోర్ అయ్యాక ఇక్కడి నుంచి తెచ్చుకోవచ్చు. ఆ స్టోరేజ్ ఫోల్డర్‌లోంచి మాత్రం ఒకటీ అరా ఫైళ్ళు ఏరి కొత్తదాంట్లో పెట్టకండి. పరికరాల జాబితా, ఎంటిటీల (ఒక్కో స్విచ్, ఒక్కో రీడింగ్) జాబితా, ఇంటిగ్రేషన్ల జాబితా ఒకదాని నంబర్లు ఒకటి పట్టుకుని ఉంటాయి. ఒకటి ఈ వారానిది, ఇంకొకటి పోయిన నెలది అయితే పేర్లు తారుమారై, ఏ స్విచ్ ఏ గదిదో తెలియకుండా పోతుంది.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్న మాట. రీస్టోర్ మొదలుపెట్టే ముందు మోటారు ఎంసీబీ (ఆ లైనుకు కరెంటు ఆపే బ్రేకర్ స్విచ్) దించేయండి. గీజర్ కూడా సర్వర్ చేతిలో ఉంటే దానిది కూడా. కారణం వివరంగా చెబుతాను. బ్యాకప్ తిరిగి ఎక్కగానే హోమ్ అసిస్టెంట్ రీస్టార్ట్ అయి, మీ ఆటోమేషన్లన్నీ మిమ్మల్ని అడక్కుండానే పని మొదలుపెడతాయి. ఆ మొదటి నిమిషాల్లో ట్యాంకు సెన్సర్ ఇంకా కలవదు, దాని విలువ ‘అన్‌నోన్’ అనో ‘అన్ అవైలబుల్’ అనో ఉంటుంది. మన వాళ్ళు ఆటోమేషన్లలో రాసే టెంప్లేట్లలో (చిన్న సూత్రాల్లో) ఎక్కువగా కనిపించేది ‘ఫ్లోట్’ పక్కన బ్రాకెట్లో సున్నా. అంటే అంకె రాకపోతే సున్నా అనుకో అని. తప్పుల చిట్టాలో (లాగ్‌లో) ఎర్ర అక్షరాలు రాకుండా ఉండేందుకు పెట్టేది అది. కానీ నీటి మట్టం విషయంలో సున్నా అంటే ట్యాంకు ఖాళీ అని! మట్టం 20 కంటే తగ్గితే మోటారు వేయి అనే షరతు అక్కడికక్కడే నిజమైపోతుంది. ట్యాంకు నిండుగా ఉన్నా మోటారు తిరుగుతుంది. సంప్‌లో నీళ్ళు లేకపోతే ఒట్టిగా తిరుగుతుంది. బెంగళూరులో కావేరీ నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే వీధులు, ట్యాంకర్ మీద బతికే అపార్ట్‌మెంట్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. సంప్ ఎండిన రోజు మోటారు ఒట్టిగా తిరిగితే ముందు సీల్ పోతుంది, తర్వాత వైండింగ్ మాడుతుంది. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఇది అనవసరమైన ప్రమాదం.

కాబట్టి రీస్టోర్ అయ్యాక ఆ ఆటోమేషన్‌ను తెరిచి, సెన్సర్ అంకె ఇవ్వనప్పుడు మోటారు జోలికి పోకూడదు అన్న షరతు చేర్చండి. అంతకంటే ముఖ్యం, మోటారును వేసి ఆపే రిలేలోనే ఆటో ఆఫ్ టైమర్ పెట్టండి. షెల్లీ రిలే అయితే సెట్టింగుల్లోనే ఉంది, రిలేలో నడిచేది టాస్మోటా సాఫ్ట్‌వేర్ అయితే అందులో పల్స్‌టైమ్ ఉంది, ఈఎస్పీహోమ్ అయితే రెండు లైన్ల పని. ట్యాంకు నిండడానికి మామూలుగా పట్టే సమయానికి కాస్త ఎక్కువ పెట్టండి. సర్వర్ బతికున్నా లేకపోయినా ఆ సమయం దాటగానే రిలే తనంతట తనే మోటారును ఆపేయాలి. మోటారు ఆగడం అనేది సర్వర్ మీద ఆధారపడి ఉండకూడదన్నది నా స్థిరమైన అభిప్రాయం.

రీస్టోర్ పని నిజానికి వీటన్నిటికంటే తేలిక. పాత కార్డును మళ్ళీ వాడకండి. కొత్త కార్డు గానీ, ఇంకా మేలు యూఎస్‌బీ ఎస్ఎస్‌డీ గానీ తీసుకోండి. ఎస్పీ రోడ్డులో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా కార్డును ముందు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి సాధనంతో పరీక్షించండి, పైన రాసినంత స్థలం నిజంగా ఉందో లేదో అది చెప్పేస్తుంది. రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్‌లో హోమ్ అసిస్టెంట్ ఓఎస్‌ను ఎంచుకుని రాయండి. వైఫై జోలికి పోకుండా లాన్ కేబుల్ పెట్టి బూట్ చేయండి. మొదటిసారి ఇంటర్నెట్ నుంచి చాలా దించుకుంటుంది కాబట్టి ఇరవై నిమిషాల దాకా ఆగాల్సి రావచ్చు. తర్వాత బ్రౌజర్‌లో 8123 పోర్ట్ తెరిస్తే కొత్త ఇల్లు సృష్టించమంటుంది. అక్కడ ఖాతా తెరవకుండా, బ్యాకప్ అప్‌లోడ్ చేసే ఆప్షన్ ఎంచుకుని, టార్ ఫైల్ ఇచ్చి, కీ అడిగితే ఇచ్చి, అన్నీ టిక్ చేసి వదిలేయండి. పేజీ కదలనట్టు, అసలు తెగిపోయినట్టు కనిపిస్తుంది. అయినా కరెంటు తీయకండి. యాడ్-ఆన్ల సెట్టింగులు, డేటా బ్యాకప్‌లో ఉంటాయి గానీ వాటి ప్రోగ్రాములు ఇంటర్నెట్ నుంచే మళ్ళీ దిగాలి. నెట్ నెమ్మదిగా ఉంటే ఎక్కువసేపు పట్టేది అక్కడే. పాత యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయితే పని అయినట్టు. ఇంట్లోవాళ్ళ ఫోన్లలోని యాప్ కూడా మామూలుగా మళ్ళీ లాగిన్ అడగదు.

జిగ్‌బీ స్టిక్‌ను అదే యూఎస్‌బీ పోర్ట్‌లో, పొడుగు కేబుల్‌తోనే పెట్టండి. యూఎస్‌బీ 3 పోర్ట్‌ల నుంచి వచ్చే అలజడి 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను పాడుచేస్తుంది, ఎస్ఎస్‌డీ పెట్టాక ఇది ఇంకా ముఖ్యం. నెట్‌వర్క్ తాళం, చిరునామా వివరాలు స్టిక్ లోపలి మెమరీలోనే ఉన్నాయి, పరికరాల పేర్లు బ్యాకప్‌లో ఉన్నాయి. రెండూ కలిస్తే మీ పాత నెట్‌వర్కే. కరెంటుకు కలిసి ఉన్న ప్లగ్గులు, స్విచ్‌లు ముందు లేస్తాయి. తలుపు సెన్సర్ల లాంటి బ్యాటరీవి ఏదైనా కబురు చెప్పాల్సి వచ్చినప్పుడే నోరు విప్పుతాయి, కాబట్టి అవి కనబడలేదని వెంటనే తీసేసి పెయిర్ చేయకండి. ఒకసారి తలుపు తెరిచి మూయండి, బటన్ నొక్కండి, ఒక పూట చూడండి. మూడు వారాల నాటి బ్యాకప్ వాడాల్సి వస్తే, ఆ తర్వాత చేర్చిన పరికరాలను మాత్రమే మళ్ళీ పెయిర్ చేసి పాత పేరే పెట్టండి, ఎంటిటీ పేరుతో రాసిన ఆటోమేషన్లు వాటిని గుర్తుపడతాయి. స్టిక్కే పోయి ఉంటే కథ వేరు. కోఆర్డినేటర్ (అంటే పాత స్టిక్) బ్యాకప్‌ను కొత్త స్టిక్ మీదికి రాయాలి. జిగ్‌బీని నడిపే ప్రోగ్రాములు జెడ్‌హెచ్ఏ, జిగ్‌బీ2ఎంక్యూటీటీ రెండింట్లోనూ ఆ దారి ఉంది.

ఐపీ అడ్రస్ ఒకటి చూసుకోండి. బోర్డు అదే కాబట్టి రౌటర్ పాత అడ్రస్సే ఇవ్వవచ్చు. మారితే ఎంక్యూటీటీ పద్ధతిలో నెట్‌వర్క్ మీద సర్వర్‌కు కబురు పంపే పరికరాలన్నీ పాత అడ్రస్ తలుపే కొడుతూ కూర్చుంటాయి. రౌటర్‌లో ఈ బోర్డుకు ఎప్పుడూ అదే అడ్రస్ ఇచ్చేలా రిజర్వేషన్ పెట్టేస్తే తీరిపోతుంది.

పాత గ్రాఫులు, కరెంటు వాడకం లెక్కలు కావాలంటే కార్డు ఇమేజ్‌లోంచి డేటాబేస్ ఫైల్‌ను తెచ్చి పెట్టి చూడవచ్చు. హోమ్ అసిస్టెంట్ ఆపి ఉన్నప్పుడు, పక్కనే ‘వాల్’ అని ముగిసే ఫైల్ ఉంటే దాన్ని కూడా కలిపి తేవాలి, చివరి రాతలు అందులోనే ఉంటాయి. చెడిపోయి ఉంటే హోమ్ అసిస్టెంట్ దాన్ని పక్కకు జరిపి కొత్తది మొదలుపెడుతుంది. నేనైతే దీనికోసం ఎక్కువ సమయం పెట్టను. వివరమైన చరిత్రను అది మామూలుగా 10 రోజులే ఉంచుతుంది.

ఇకముందు కోసం. ఇన్వర్టర్ మీద ‘యూపీఎస్ మోడ్’, ‘నార్మల్ మోడ్’ అని స్విచ్ ఉంటుంది, యూపీఎస్ వైపు ఉందో లేదో చూడండి. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపే పై బోర్డు రీస్టార్ట్ అయ్యే అవకాశం ఉంది. రోజువారీ బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌కు కూడా వెళ్ళేలా పెట్టండి, అది ఇప్పుడు సెట్టింగుల్లోనే ఉంది. కీ కాగితం ఒకటి బీరువాలో, ఇంకొకటి ఊళ్ళో అమ్మానాన్నల ఇంట్లో. బ్యాకప్‌ను పరీక్షించడానికి ఆదివారం ఒక గంట కేటాయించండి. సర్వర్‌ను సరిగ్గా షట్‌డౌన్ చేసి, నడుస్తున్న డిస్క్ తీసి, ఖాళీ కార్డు పెట్టి, డ్రైవ్ నుంచి దించిన ఫైల్‌తో, కాగితం మీది కీతో రీస్టోర్ చేయండి. రెండో బోర్డు మీద పక్కపక్కనే నడపకండి, రెండు సర్వర్లూ అవే వైఫై స్విచ్‌లను ఆడిస్తాయి. ఆ గంటసేపు కూడా మోటారు ఎంసీబీ కిందికే ఉండాలి. అంతా లేచిందని చూసుకుని పాత డిస్క్ మళ్ళీ పెట్టేయండి.

కార్డు ఉబుంటులో అసలు కనిపించకపోతే, ఇంకో రీడర్‌తో ఒకసారి చూసి ఆపేయండి. పదేపదే గుచ్చి తీయకండి. అప్పుడు డ్రైవ్‌లోని మూడు వారాల ఫైల్‌తోనే పైన చెప్పిన వరసలో ముందుకు వెళ్ళండి. టీవీ తెర మీద ఏం కనిపించిందో, డీడీరెస్క్యూ చివర్లో ఎంత చదవలేకపోయానని చెప్పిందో రాయండి, అక్కడి నుంచి చూద్దాం.